ఒకటో తేదీన పుట్టినవాళ్లు: ఏడో భాగం

టప్.

కాస్త ఎడం. మళ్లీ, టప్.

పోయిన వారం మనం ఈ చప్పుడు దగ్గరే కథను వదిలి లేచాం. నేలమాళిగలో రికార్డుల గది, గది పైకప్పును ఆనుకుని జానెడు ఎత్తు కిటికీ, కిటికీ అవతల వరండా. అటువైపు నుంచి, మంగళవారాలూ శుక్రవారాలూ మాత్రమే, ఎవరో చిన్న మూత తెరిచి మూస్తున్నట్టు ఈ చప్పుడు. గదిలో పనిచేసే పన్నెండు మందిలో పదకొండు మంది దాన్ని పట్టించుకోలేదు. పన్నెండో మనిషి పట్టించుకుంది. మెట్లెక్కి వెళ్లి చూసింది. డయాలసిస్ వార్డు ముందు బెంచీ మీద ఒక పెద్దాయన, ఆయన చేతిలో ఒక కళ్లజోడు పెట్టె. తెరుస్తాడు, లోపల జోడు ఉందని చూసుకుంటాడు, మూస్తాడు.

"మా ఇంటావిడ కోసమమ్మా," అన్నాడు. "ఇవాళ వస్తుందని కౌంటరులో చెప్పారు."

ఆయన చూపించిన చీటీ మీది నంబరును ఆమె అరచేతిలో రాసుకుని కిందికొచ్చింది. కంప్యూటరులో కొట్టింది. తెర వెలిగింది.

తెర మీద ఏముందో చెప్పేముందు, ఆ గదిలో జరిగే పనేమిటో మరోసారి చెప్పుకోవాలి.

పదకొండు ఆస్పత్రులు, డెబ్బై రెండు క్లినిక్కులు, అన్నింటికీ కలిపి రికార్డు ఒక్కటే. ఒకే మనిషి ఒకచోట కాలు విరిగి చేరతాడు, మరోచోట పన్ను పీకించుకుంటాడు. రెండు చోట్లా రెండు ఫైళ్లు పుడతాయి. అలాంటి ఫైళ్లను కంప్యూటరు వాసన పట్టి, జతలు జతలుగా తెర మీదికి తెస్తుంది. ఎడమ పక్కన ఒకటి, కుడి పక్కన ఒకటి. ఈ రెండూ ఒకరివేనా, ఇద్దరివా? తేల్చాల్సింది ఆ గదిలోవాళ్లు. ఆకుపచ్చ బటన్ నొక్కితే ‘ఒకరే’. పసుపుపచ్చ నొక్కితే ‘ఇద్దరు’. రోజుకు నూట నలభై జతలు. ‘ఒకరే’ అంటే ఒక్క నొక్కుతో సరి. ‘ఇద్దరు’ అంటే, ఎందుకు ఇద్దరో నాలుగు వాక్యాలు రాయాలి. అందుకే అందరి వేళ్లూ ఆకుపచ్చ వైపే వాలుతుంటాయి. మన మనిషి ఒక్కతే ఏ కాస్త తేడా కనబడినా ఆగేది, పసుపుపచ్చ నొక్కేది, నాలుగు వాక్యాలూ రాసేది, రోజూ వెనకబడేది. అలా ఆమెకు గదిలో ‘ఇద్దరమ్మ’ అనే పేరు పడిపోయింది.

అలాంటి ఇద్దరమ్మ ఒక్కరోజు, జన్మానికి ఒక్కరోజు, నెలాఖరు సాయంత్రం, మిగిలిపోయిన నలభై జతలను కళ్లెత్తి చూడకుండా నొక్కేసింది. ఆకుపచ్చ, ఆకుపచ్చ, ఆకుపచ్చ. రేకుల మీద వాన పడ్డట్టు నొక్కేసింది.

ఇంకొక్క సంగతి. పుట్టిన తేదీ తెలియనివాళ్లు ఆస్పత్రికి వస్తే, నమోదు గుమస్తాలు ఏడు మాత్రం అడుగుతారు. తేదీ గడి ఖాళీగా ఉంటే కంప్యూటరు ముందుకు కదలదు గనక, మొదటి నెల, మొదటి తేదీ వేసేస్తారు. ఆ లెక్కన ఆ పదకొండు ఆస్పత్రుల్లోనూ వేలమంది ఒకటో తేదీనే ఈ లోకంలోకి వచ్చారు. గది భాషలో వాళ్లు ‘ఒకటో తేదీవాళ్లు’. పేరు కలిసి, ఏడు కలిసి, పేట కూడా కలిసిన ఒకటో తేదీవాళ్లు జతగా వస్తే, చెయ్యి తిరిగినవాళ్లయినా ఓ నిమిషం ఆగాలి. ఆ సాయంత్రం ఇద్దరమ్మ ఆగలేదు.

ఇప్పుడు తెర మీద ఉన్నది అదే. ఒకే పేరు కింద ఇద్దరు ఆడవాళ్లు, మడతపెట్టిన దుప్పట్లలా ఒకరి మీద ఒకరు. ఒకామె మంగళ, శుక్రవారాల్లో డయాలసిస్‌కు వస్తుంది. ఇంకొకామెను పద్దెనిమిది రోజుల కిందట తూర్పు శాఖకు అంబులెన్సులో తెచ్చారు. ఉదయం పదీ నలభైకి గుండె ఆగింది. ఆ సాయంత్రమే రెండు ఫైళ్లూ ‘ఒకరే’ అయ్యాయి. పోయినామె చావు బతికున్నామె మీద పడింది. నాలుగు రోజులకు బతికున్నామె వచ్చి గొడవ పెట్టింది. వారం దాటాక ఎవరో కింద రాశారు: ‘మరణం పొరపాటు. రోగి స్వయంగా హాజరు. మరణం రద్దు. ఇకమీదట ఈ నంబరుపై మరణం నమోదు కాకుండా తాళం వేయడమైనది.’

చావును రద్దు చేశారు. చచ్చిపోయినామెను ఏం చేశారో ఎక్కడా లేదు.

అన్నిటికంటే కింద, ‘ఒకరే’ అన్న మాట పక్కన, అది నొక్కిన గుమస్తా నంబరు. ఆ నంబరు తన మెడలో వేలాడే కార్డు మీద ఉంది. చూసుకోనక్కర్లేదు. అయినా చూసుకుంది.

ఎదురుగా గోడ మీద పాత పోస్టరు నవ్వుతోంది: ‘మీ పేరు మా దగ్గర భద్రం.’ ఆ సంస్థలో ఎవరినీ పేరుతో పిలవకూడదు. గోప్యత కోసం అన్నీ నంబర్లే. నిజమే, అనుకుంది ఇద్దరమ్మ. ఎంత భద్రం చేశామంటే, ఇక ఎవరికీ దొరకదు.

ఫోను అందుకుని మార్చురీకి చేసింది. అన్ని శాఖల మార్చురీ ఈ భవనం వెనకే ఉంది. అటెండరు ఎత్తాడు. ఆమె నంబరు చదివింది.

"ఆ నంబరా?" అన్నాడతను తాపీగా. "కంప్యూటరేమో బతికే ఉందంటోంది. నా దగ్గరేమో కదలకుండా పడుకుని ఉంది. ఎవరి మాట వినమంటారు?"

"మీ మాటే వింటాను. ఇప్పుడు ఆమె..."

"గుర్తు తెలియనివాళ్ల లిస్టులో వేశాను. ఇవాళ నాలుగింటికి మున్సిపాలిటీ బండి వస్తుంది. దాంతో పంపేస్తాం. ఆ నంబరుతో ఇంకో చిక్కుంది, అది ఫోనులో చెప్పేది కాదు. వస్తే రండి, విడదీత కాగితం పట్టుకుని రండి. అది లేకుండా వస్తే మాత్రం నేనూ మీరూ కూర్చుని ఏడవడమే."

గడియారం ఒకటీ ఇరవై చూపిస్తోంది.

సూపర్‌వైజరుది చెడ్డ మనసు కాదు, బెదురు మనసు. ఆయన అద్దాల గదిలో తెల్లబోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉంటుంది: తప్పు లేని రోజులు, 211. రోజూ పొద్దున్నే అంకె తుడిచి, ఒకటి పెంచి రాయడంతో ఆయన దినచర్య మొదలవుతుంది.

"సార్, ఒక విడదీత కావాలి."

ఆయన చేతిలో కలం ఆగింది. కలపడం ఆ గది పని. విడదీయడమన్న మాట అక్కడ ఎవరూ గట్టిగా అనరు.

"ఎవరు కలిపారమ్మా?"

"నేనే సార్."

"నువ్వా? ఇద్దరమ్మవి నువ్వు కలిపావా?" నవ్వబోయి, ఆమె ముఖం చూసి మానుకున్నాడు. ఆమె చెప్పింది. దాచకుండా, తడబడుతూ, వాక్యాలు సగంలో తెంపుతూ మొత్తం చెప్పింది. ఆయన బోర్డు వైపు చూస్తూ విన్నాడు.

"సోమవారం తనిఖీ ఉంది. తెలుసుగా?"

"ఇవాళ నాలుగింటికి బండి ఉంది సార్. తెలుసుగా?"

అన్నాక ఆమెకే ఆశ్చర్యమేసింది. ఆరేళ్లలో ఆ గదిలో ఎవరికీ ఎదురు చెప్పిన నోరు కాదది.

సూపర్‌వైజరు గొంతు తగ్గించాడు. "చూడమ్మా. ఒక్కటి విడదీస్తే, ఆ రోజు నువ్వు నొక్కినవన్నీ తిరగేస్తారు. నలభై. ఒక్కోదాని కిందా నీ నంబరే. ఉద్యోగం సంగతి అటుంచు. ఆ నలభైలో ఇంకా ఏమేమున్నాయో నీకు చూడాలనుందా?"

"లేదు సార్."

"మరి?"

"చూడకుండా నొక్కబట్టే కదా ఇదంతా."

ఆయన లేచి భోజనం డబ్బా చంకన పెట్టుకున్నాడు.

"నేను సంతకం పెట్టను. పెట్టొద్దని నీకు చెప్పడమూ లేదు. నేను భోజనానికి వెళ్తున్నాను. రెండున్నర దాటాక గానీ రాను. స్టాంపు సొరుగులో ఉంటుంది. ఆ సొరుగు తాళం చెడిపోయి ఏడాదైంది, బాగుచేయించమని రాసిన కాగితం ఇంకా ఏ అంతస్తులో తిరుగుతోందో." గుమ్మం దాకా వెళ్లి వెనుదిరిగాడు. "స్టాంపొక్కటే ఉంటే దండగ. ఇద్దరిలో ఒకరు వచ్చి, ‘నేను ఆమెను కాను’ అని తన చేత్తో రాసివ్వాలి. ఇద్దరిలో రాయగలిగినావిడ ఒక్కతే ఉంది కదా ఇప్పుడు."

కాగితం మీద స్టాంపు పడింది. ఆ చప్పుడుకు గదిలో పదకొండు తలలు లేచాయి. మళ్లీ తెరల మీదికి వంగాయి.

మెట్లు ఇరవై రెండు. ఎక్కుతున్నంతసేపూ ఏం చెప్పాలో కూర్చుకుంది. బెంచీ దగ్గరికి చేరేసరికి కూర్చుకున్నదంతా చెదిరిపోయింది.

"కనబడిందా అమ్మా?" అన్నాడు పెద్దాయన.

ఆమె పక్కన కూర్చుంది. అరచేతిలోని నంబరు వైపు చూసుకుంది. ఆయనే అందుకున్నాడు.

"ముప్పై ఎనిమిదేళ్లు బస్సు కండక్టరుగా చేశాను. నాకొచ్చిన విద్య ఒక్కటే. ఎక్కినవాళ్లు ఎంతమందో చివరి స్టాపుకు దిగినవాళ్లు అంతమంది ఉండాలి. మా అక్కను చూడ్డానికి పక్క ఊరెళ్లి వచ్చేసరికి, మా ఆవిణ్ణి అంబులెన్సు ఎక్కించారని ఎదురింటివాళ్లు చెప్పారు. ఎక్కింది. దిగినట్టు మీ కాగితాల్లో లేదు. లోపల ఉన్నట్టూ లేదు. వారానికి రెండుసార్లు వచ్చి పోతోందంటారు, నేనేమో ఈ గుమ్మం ముందు నుంచి కదలడం లేదు. మొదట అలిగిందనుకున్నాను. ఊరెళ్లే ముందు చిన్న మాట అనుకున్నాంలెండి. నన్ను చూసి ఇంకో గుమ్మం గుండా పోతోందేమో అనుకున్నాను. కానీ కళ్లజోడు లేకుండా ఆవిడ అలిగి ఎంత దూరం పోగలదు? నాలుగడుగులు వేస్తే గోడ."

నవ్వాడు. నవ్వు సగంలోనే వెలిసిపోయింది.

"అంటే లెక్క ఎక్కడో తప్పింది. నాలోనో, మీలోనో."

"మాలోనే బాబాయిగారూ," అంది ఇద్దరమ్మ. "నాలో."

చెప్పింది. ఆయన చేతిలోని పెట్టె మూసుకునే ఉంది. చుట్టూ ట్రాలీలు పోతున్నాయి, నంబర్లు పిలుస్తున్నారు, ఎవరో దగ్గుతున్నారు. ఆయన కేకలు వేస్తాడని, నిలదీస్తాడని, కూలిపోతాడని ఆమె అన్నిటికీ సిద్ధపడి ఉంది. ఆయన అడిగింది ఒక్కటే.

"పక్కన ఎవరైనా ఉన్నారా అమ్మా? ఆ టైములో?"

ఆమెకు తెలియదు. ఆ ఫైలు ఇప్పుడు బతికున్నామె పేరు మీద ఉంది. ఆ ఆఖరి గంట కాగితం, ఆమె కుర్చీ పక్కన తగిలించి ఉంది.

ఇద్దరూ లేచి వార్డులోకి నడిచారు.

పన్నెండు కుర్చీలు, పన్నెండు మిషన్లు. అన్నీ కలిసి ఒకే ఊపిరి తీస్తున్నట్టు సన్నని హోరు. ఏడో కుర్చీలో, చేతికి గొట్టాలతో, వార్డులో అందరూ ‘చచ్చిబతికినక్క’ అని పిలుచుకునే మనిషి కూర్చుని ఉంది. ఆ పేరు ఆమెకు తెలుసు. తెలియడమే కాదు, కాస్త గర్వం కూడా.

"ఏమ్మా, మళ్లీ ఏమైనా పోయానా నేను?" అంది, ఇద్దరమ్మ మెడలో కార్డు చూడగానే. "పోతే ముందే చెప్పండి. ఇంకా గంటన్నర మిషనుంది, మధ్యలో లేవడం కుదరదు."

పక్క కుర్చీలోవాళ్లు నవ్వారు. ఇద్దరమ్మ నవ్వలేదు. స్టూలు లాక్కుని ఆమె మోకాళ్ల దగ్గర కూర్చుంది. కాగితం చూపించింది. అంతా చెప్పింది. రెండోసారి చెప్పడం మొదటిసారి కంటే కష్టమైంది.

చచ్చిబతికినక్క ముఖంలో హాస్యం మెల్లగా దిగిపోయింది, సబ్బు నీళ్లలో నురగ దిగినట్టు.

"అందుకా," అంది చివరికి. "అందుకేనా ఇది." మిషను పక్కన కొక్కేనికి వేలాడే కాగితాల అట్ట అందుకుంది. "ప్రతిసారీ నర్సమ్మ అడుగుతుంది: అక్కా, మీకు ఆ మధ్య గుండె ఆగింది కదా, ఇప్పుడెలా ఉంది? నేను ఆగలేదంటాను. ఆగినట్టే ఉందే అంటుంది. చివరికి నాకే అనుమానమొచ్చింది. ఆగిందేమో, నేను చూసుకోలేదేమో అని. పడుకుంటే ఒకటే భయం. నా లోపల ఇంకెవరో ఉన్నట్టు. నా గుండె మీద చెయ్యేసుకుంటే, అది నాది కానట్టు." ఆగింది. "నాది కానిదే మోస్తున్నానన్నమాట. ఆమె చావు నాకు తొడిగారు. నేను పోట్లాడి విప్పేయించుకున్నాను. అది ఎవరిదో చూసుకోలేదు."

"మీ తప్పు కాదక్కా. మీరు ఇక్కడ ‘నేను ఆమెను కాను’ అని రాసి సంతకం పెడితే..."

"పెడితే?"

"ఇద్దరూ విడిపోతారు. ఈయనకు ఆమెను అప్పగిస్తారు."

"నాకు?"

ఇద్దరమ్మ కాగితం అంచు సరిచేసింది.

"నాకేమవుతుంది, అది చెప్పు. ముందోసారి మీరు ఒక్క బటన్ నొక్కితే నా కుర్చీ పోయింది. మూడు కౌంటర్లు తిరిగాను, నేను బతికున్నానని చెప్పుకుంటూ. రెండు వాయిదాలు తప్పిపోయాయి. కాళ్లు ఇంతింత లావు వాచాయి, ఊపిరందలేదు. మళ్లీ విడదీసేటప్పుడు చావు ఎటు పోతుందో ఎవరికి తెలుసు? ఆ తాళం తీసేస్తారు కదా? తీసినప్పుడు మళ్లీ నా మీదే పడితే? ఈ కుర్చీ లేకపోతే నేను వారం బతకను. నాకు భరోసా ఇస్తావా అమ్మాయ్? రాసిస్తావా?"

రాసివ్వగలిగితే ఎంత బాగుండును. విడదీసేది తను కాదు. ఆ కాగితం ఏ అంతస్తుకు వెళ్తుందో, అక్కడ ఎవరు, ఎంత తొందరలో, ఏ సాయంత్రం ఏ రంగు బటన్ నొక్కుతారో తనకు తెలియదు. తనలాంటివాళ్లే ఉంటారక్కడ. అదే ఆమెకు భయం.

"ఇవ్వలేను," అంది. "అబద్ధం చెప్పలేను."

పెద్దాయన అంతవరకూ కుర్చీ వెనక నిలబడి ఉన్నాడు. ఇప్పుడు ముందుకొచ్చాడు.

"వద్దమ్మా," అన్నాడు ఏడో కుర్చీ వైపు చూస్తూ. "మిమ్మల్ని సీట్లోంచి లేపి నా మనిషిని దించుకోను. అలా ఎప్పుడూ చేయలేదు నేను. ఒక్కటి మాత్రం చేసి పెట్టండి. ఆ కాగితం మీ దగ్గరుంది కదా. ఆవిడ ఆఖరి గంటలో ఏం రాశారో ఒక్కసారి చదవండి. నాకు అక్షరాలు అలుక్కుపోతున్నాయి."

చచ్చిబతికినక్క ఆయన ముఖంలోకి చూసింది. ఇన్నాళ్లూ గుమ్మం అవతల కనబడుతూ వచ్చిన మనిషి. ఏ రోగి తాలూకో అనుకుని వచ్చిన ప్రతిసారీ దాటుకుపోయిన మనిషి. ఖాళీగా ఉన్న చేత్తో అట్ట మీది కాగితాలు తిప్పింది. ఒకచోట ఆగింది.

"పదీ పదికి తెచ్చారు. స్పృహలో ఉంది. నర్సు పక్కనే ఉంది." వేలు కిందికి జరిగింది. "మాట్లాడింది."

"ఏమని?"

"పేరు చెప్పింది. పుట్టిన ఏడు చెప్పింది. తేదీ అడిగితే..." ఆమె తలెత్తి పెద్దాయన వైపు చూసింది. "తేదీ తెలియదంది. మా ఆయన్ని అడగండి, ఆయనకు తెలుసు అంది. అంతే. తర్వాత ఏం లేదు."

మిషన్లు ఊపిరి తీస్తున్నాయి. పెద్దాయన కుర్చీ చేయిని పట్టుకున్నాడు.

"నాకు తెలుసు," అన్నాడు, ఎవరో ఇప్పుడే అడిగినట్టు. "ఆవిడ వాళ్ల నాన్న డైరీలో నేనే చూశాను. ప్రతి ఏడూ చెప్తాను. ప్రతి ఏడూ మరిచిపోతుంది. అడగాల్సింది నన్ను. నేను ఊళ్లో లేను."

ఏడో కుర్చీలో మనిషి కళ్లు మూసుకుంది. తెరిచేసరికి ముఖం మారింది. భయం పోలేదు, కానీ భయం పక్కన ఇంకేదో వచ్చి కూర్చుంది.

"కలం ఇటివ్వు అమ్మాయ్. ఎడమ చేత్తో రాయాలి, వంకర పోతుంది, నవ్వకు." అక్షరం అక్షరం కూడబలుక్కుంటూ రాసింది: నేను ఆమెను కాను. రాసి, కాగితం వెంటనే వదల్లేదు. "నా కుర్చీ జాగ్రత్త. శుక్రవారం నేను వచ్చేసరికి నువ్వే ఆ కౌంటరులో కూర్చుని ఉండాలి. నేను పోయానని ఎవరైనా అంటే, పోలేదని నువ్వు అరవాలి. అరవగలవా? చూస్తే నోట్లో నాలుక లేనిదానిలా ఉన్నావు."

"అరుస్తానక్కా."

"అయితే పొండి. ఆయన్ను చెయ్యి పట్టుకుని తీసుకెళ్లు. మెట్లు చూసుకోడం లేదాయన."

లాండ్రీ వెనక ఏటవాలు దారి. తడి దుప్పట్ల ఆవిరి, ఆవిరి దాటగానే చలి. మార్చురీ తలుపు దగ్గరికి చేరేసరికి మూడూ పది.

అటెండరు కాగితాన్ని వెలుతురుకు ఎత్తి పట్టి చూశాడు. స్టాంపు చూశాడు, వంకర అక్షరాలు చూశాడు. సంతృప్తిగా తలూపాడు. తర్వాత ఇద్దరమ్మను కాస్త పక్కకు పిలిచాడు.

"ఫోనులో చెప్పలేదు కదా. ఆ నంబరు మీద నా దగ్గర ఇద్దరున్నారు."

ఇద్దరమ్మకు ముందు మాట అర్థం కాలేదు.

"ఆరో అరలో ఒకరు, తొమ్మిదో అరలో ఒకరు. ఇద్దరి కాలి వేలికీ ఒకటే నంబరు. రెండోవిడ వచ్చినప్పుడు చావు ఎక్కించబోతే కంప్యూటరు ఒప్పుకోలేదు, తాళం ఉందంది. ఒక నంబరు రెండుసార్లు చావదు, చూడండి అని రాసి పంపాను. జవాబు రాలేదు గానీ, ఫిర్యాదు ముగిసిందని మాత్రం వచ్చింది. పైగా మొన్న చీటీలన్నీ కొత్తగా అచ్చేసి తెచ్చి కట్టారు. రెండింటి మీదా ఒకటే తేదీ. ఎవరు ముందొచ్చారో, ఎవరు వెనకొచ్చారో ఇప్పుడు నేనూ చెప్పలేను."

నలభై జతలు. ఆకుపచ్చ, ఆకుపచ్చ. ఇప్పుడు గుర్తొచ్చింది ఇద్దరమ్మకు, ఆ వానలో ఒకే పేరు వెంటవెంటనే రెండుసార్లు తెర మీదికి వచ్చినట్టు. ఒకటో తేదీవాళ్లు ఇద్దరు కాదు. ముగ్గురు. మూడో ఆమె ఆనాటికి బతికే ఉంది. తర్వాత ఎప్పుడో, ఎక్కడో, తనది కాని నంబరుతో ఆస్పత్రి గడప తొక్కి, ఆ నంబరుతోనే ఇక్కడికి చేరింది.

ఆరో అర తెరిచారు. పట్టాల మీద అది జారుతూ రావడానికి చాలాసేపు పట్టినట్టనిపించింది. పెద్దాయన వంగి చూశాడు.

"కాదు," అన్నాడు.

ఆ ముఖం మీద గుడ్డను ఆయనే మళ్లీ సర్దాడు, నిద్ర చెడకుండా సర్దినట్టు. "ఈవిడ కోసం ఎవరు ఏ బెంచీ మీద కూర్చున్నారో," అన్నాడు మెల్లగా.

అప్పుడే బయట, ఏటవాలు దారిలో, బండి వెనక్కి వస్తున్న శబ్దం. మూడున్నర కూడా కాలేదు.

"ఇవాళ తొందరగా వచ్చారు," అన్నాడు అటెండరు. "పోనీలెండి. మీరు ఒకరిని తీసుకుంటే ఒకరు మిగులుతారు. వాళ్లను ఉత్తచేతులతో పంపనక్కర్లేదు."

ఇద్దరమ్మ ఆరో అర ముందుకు జరిగి నిలబడింది. వీపు ఆ ఇనుముకు ఆనింది. చలి జాకెట్టులోంచి ఎముకల్లోకి దిగింది. కదల్లేదు.

"ఈవిణ్ణి పంపను," అంది.

"ఏమని ఆపుతారు? కాగితం ఒక్కరికే ఉంది. ఈవిడ ఎవరో మీకు తెలుసా?"

"పేరు తెలుసు."

అటెండరు ఆమె వైపు వింతగా చూసి, తొమ్మిదో అర దగ్గరికి నడిచాడు. పిడి మీద చెయ్యి వేసి, పెద్దాయన వైపు తిరిగాడు. "ఇక్కడ నంబరు పనికిరాదండీ. నంబరడిగితే ఇద్దరూ పలుకుతారు. చూసి, మీ మనిషే అయితే, పేరు చెప్పాలి. నేను ఇక్కడ రాసుకోవాలి."

పెద్దాయన తలూపాడు. పెళ్లయిన నాటి నుంచి భార్యను పేరు పెట్టి పిలిచిన నోరు కాదది. ఇంట్లో ‘ఏమోయ్’, బయట ‘మా ఆవిడ’. పద్దెనిమిది రోజులుగా కౌంటర్లలో చీటీయే చూపించాడు తప్ప పెదవి విప్పి చెప్పలేదు. అడిగినవాళ్లూ లేరు.

అర జారుతూ వచ్చింది. అటెండరు గుడ్డ తీశాడు.

తలుపు అవతల బండి ఆగింది. ఎవరో దిగి, ఇనుప తలుపును అరచేత్తో తట్టారు. లోపల ముగ్గురిలో ఎవరూ అటు తిరగలేదు. పెద్దాయన మోకాళ్లు వంచి, ఆ చెవి దగ్గరగా ముఖం దించాడు. నిద్ర లేపేవాడిలా, ఆలస్యమైందని చెప్పేవాడిలా, గొంతు సవరించుకున్నాడు. ఆ గదిలో ఆ పేరుకు పలకాల్సినవాళ్లు ఇద్దరున్నారని ఇద్దరమ్మ వీపుకు తెలుసు.

"హైమవతీ," అన్నాడాయన.